ఏ పుస్తకము, ఎవరికి? : వట్టికోట ఆళ్వారుస్వామి స్మారకోపన్యాసము



ఈ యుపన్యాసమునకు నన్ను పిలుచుచు నిర్వాహకులు ఉత్తరము చివర ఒక చిన్న కోరికను జోడించినారు. పిల్లలు చదువదగిన మంచి పుస్తకములను, ఒక్క నవలలనే కాక అన్ని ప్రక్రియలలోనివానిని, నాలుగు చెప్పుమన్నారు. కోరిక చిన్నదే. కాని నలుబదియేండ్లు పాఠము చెప్పిన నావంటివానికి దానికంటె చిక్కైన ప్రశ్న మరియొకటి లేదు. ‘మంచి పుస్తకమేది?’ యన్నదానికి ఎవరైనను జవాబు చెప్పగలరు. ‘ఈ మనిషికి ఇప్పుడు మంచి పుస్తకమేది?’ యన్నదానికి జవాబు చెప్పవలెనన్నచో పుస్తకమునే కాదు, ఎదుటి మనిషిని కూడ చదివియుండవలెను. ఆ విద్య తెలిసినవారిలో అగ్రగణ్యుడు మనము నేడు స్మరించుచున్న మహనీయుడు.

1

వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్లు చేరువనున్న చెరువుమాదారములో జన్మించినారు. చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, ఒక యుపాధ్యాయునికి వంటచేసిపెట్టుచు ఆయనయొద్దనే అక్షరములు నేర్చి, బెజవాడలో హోటలు పనివానిగా నుండి దొరకిన తీరికనెల్ల చదువునకే వెచ్చించి, హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దివంగతులైన 1938వ సంవత్సరముననే దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ముప్పదికి పైగా పుస్తకములను వెలువరించిన ఆ మనిషికి బడిచదువు పట్టా యొక్కటియు లేదు. పుస్తకము వ్రాయువాడొకడు, అచ్చొత్తించువాడొకడు, అమ్మువాడొకడు, ‘ఇది నీవు చదువుము’ అని చేతికిచ్చువాడొకడు, లోకములో సాధారణముగా వేరువేరుగా నుందురు. ఆళ్వారుస్వామిగారిలో ఈ నలుగురును ఒక్కరై సంచి భుజమున వేసికొని ఊరూరు తిరిగినారు.

ఆ దినములెట్టివో, కూర్చుండ చోటు చాలక గోడనానుకొని నిలిచియున్న ఈ పిల్లలకు తెలియుటకు ఒక్కమాట. నిజాము రాజ్యమున గస్తీ నిషాన్ తిర్పన్ (53) అను సర్కారు ఉత్తరువు కారణముగా నలుగురు కూడి సభ చేసికొనవలెనన్నను అనుమతి కావలసియుండెను. గ్రంథాలయమును తెరచుటయే ఉద్యమముగా ఎంచబడిన కాలమది. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము అట్టి సాహసములే. అట్టి కాలముననే, నిజాము రాజ్యపు తెలుగువారి సంస్థయైన ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము 1937లో ఈ నిజామాబాదు పట్టణముననే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను జరిగినదన్న సంగతి ఈ సభలో ఎందరికి జ్ఞాపకమున్నదో నేనెరుగను. చేతులెత్తమని అడుగను లెండి.

ఇక ఈ యూరితో ఆళ్వారుస్వామిగారికి గల సంబంధము మన కోటగోడలనడిగిన చాలును. రఘునాథాలయమున్న ఆ యిందూరు (నిజామాబాదు) ఖిల్లా అప్పుడు కారాగారము. దాశరథి కృష్ణమాచార్యులవారు అచ్చటనే బందీయై, కాగితము కలము లేనిచోట బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసినారు. ఆళ్వారుస్వామిగారు అచ్చటనే ఆయనకు తోడుఖైదీగా నుండినారు. దాశరథి తన తొలి సంపుటమైన ‘అగ్నిధార’ను ఈ పుస్తకముల మనిషికే అంకితమిచ్చినారు. అంకితములు రాజులకును జమీందారులకును ఇచ్చుట అలవాటైన భాషలో, సంచిలో పుస్తకములు మోసి అమ్మువానికి ఒక మహాకవి అంకితమిచ్చుట చిన్న సంగతి కాదు. కవి తన చదువరియొద్దకు ఎవరి కాళ్లతో నడచిపోవునో దాశరథికి తెలియును.

2

పత్రికలవారు యేటేట ‘తప్పక చదువవలసిన నూరు పుస్తకములు’ అని పట్టికలు ప్రకటింతురు. నేనును ఒకప్పుడు వానిని కత్తిరించి దాచుకొన్నవాడనే. కాని పట్టిక చూచి చదువరియైనవానిని నేనెక్కడను చూడలేదు. పట్టికలో బాధ్యత లేదు. ‘మాలపల్లి’ పక్కన ‘కాశీయాత్ర చరిత్ర’, దాని పక్కన మరియొకటి, ఒకదానికొకటి పలుకరింపు లేక, పెండ్లిలో ఎదురుబొదురు కూర్చున్న తెలియని చుట్టములవలె నుండును. ఎందుకు చదువవలెనో, దేని తరువాత ఏది చదువవలెనో చెప్పువాడు లేడు.

బోధను శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడచుచున్న దినములలో, గానుగ సీజనులో, కాటా దగ్గర చెరకు బండ్లు బారులుతీరి రాత్రులు రాత్రులు నిలిచియుండెడివి. మీలో పెద్దవారు ఎరుగుదురు. ఆ బారులో నిలువబడు రైతొకడు, మా బడిలో చదువు పిల్లవాని తండ్రి, కొడుకు చేతనున్న ఆళ్వారుస్వామిగారి నవల ‘ప్రజల మనిషి’ని నాలుగైదు రాత్రులు లాంతరు వెలుగున బండి మీదనే చదివించుకొని విన్నాడు. పక్కబండ్లవారును చేరి విన్నారట. పుస్తకము తిరిగి ఇచ్చుటకు స్వయముగా వచ్చి, ‘సారూ, గిసొంటిదే ఇంకోటుంటె ఇయ్యుండ్రి’ అన్నాడు.

ఇట్టి కోరిక విన్నప్పుడు మన చేయి తనంతట తానే అదే యలమారలోని పక్క పుస్తకము మీదికి పోవును. నవల నచ్చినవానికి మరియొక నవల, అందులోను దొర, దేశ్‌ముఖు, వెట్టి ఉన్న మరియొక నవల. పుస్తకముల దుకాణములవారు చేయునదియు నిదియే. మన సీమ రైతుకు నేను చెప్పనక్కరలేదు: నాటిన చెరకు తోట నరకి, ఆ మోళ్ల పిలకలతోనే కార్శి తీయుట సులువు, విత్తనపు ఖర్చు లేదు, కాని కార్శి మీద కార్శి తీసినకొలది దిగుబడి తగ్గును, తెగులు హెచ్చును. చదువునందును అంతే. ఇరువది యేండ్లు అపరాధపరిశోధక నవలలే చదివినవారిని నేనెరుగుదును. మొదటి పదింటిలో వారికి కలిగిన ఉత్కంఠ తక్కినవానిలో కలుగలేదని వారే చెప్పుదురు.

అందుచేత నేనాయనను వెంటనే పుస్తకమియ్యక, ‘ఇందులో నీకేమి నచ్చినది?’ అని యడిగితిని. ఆయన కొంతసేపూరకుండి, ‘మా తాతలు గింత గోస పడ్డరా సారూ? అంతకు ముంగట ఎట్లుండె?’ అన్నాడు. నా యుపన్యాసమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. ఆయనకు కావలసినది మరియొక నవల కాదు. ఆయన లోపల ఒక ప్రశ్న మొలచినది. ఆ ప్రశ్న ఏ ప్రక్రియలోనికి పోవలెనని కోరునో ఆ ప్రక్రియలోనికి చదువరిని నడిపించుటయే పుస్తకము సిఫారసు చేయువాని పని. ప్రక్రియను పట్టుకొని పోరాదు. ప్రశ్నను పట్టుకొని పోవలెను.

నేనాయనకు సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ నిచ్చితిని.

3

ఇచ్చట కొంచెము ఆగి ఆ రెండు పుస్తకములను గూర్చి చెప్పవలసియున్నది.

‘ప్రజల మనిషి’ 1955లో వెలువడినది. దిమ్మెగూడెమను పల్లె, అందు రామభూపాలరావను దేశ్‌ముఖు, వానికెదురు నిలిచిన కంఠీరవుడను యువకుడు, 1934 మొదలు 1940 వరకు జరిగిన కాలము. వెట్టియను మాటను చరిత్ర పుస్తకములో చదివినప్పుడు మనకు అదొక పన్నువంటిదిగా తోచును. ఈ నవలలో అది ఒకని భుజము మీద, ఒకతె వాకిటను, ప్రతిదినము తెల్లవారుటతో మొదలగు పనియై కనబడును. నిష్కర్షగా చెప్పవలెనన్నచో కంఠీరవుడు నాకు మితిమీరిన మంచివాడనిపించును. లోపము లేని కథానాయకుడు చదువరికి కొంత దూరముగనే నిలుచును. రామభూపాలరావు మాత్రము ఊపిరితో నున్నాడు. రచయిత తాను ద్వేషించినవానిని తాను ప్రేమించినవానికంటె బాగుగా చిత్రించుట సాహిత్యములో క్రొత్త కాదు. ఆ తరువాతి కాలమును చెప్ప సంకల్పించి మొదలిడిన ‘గంగు’ పూర్తికాకమునుపే 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామిగారు కన్నుమూసినారు. ఆ యసంపూర్ణ నవల 1965లో అచ్చయినది. దానిని తప్పక చదువుడని నేను చెప్పను. మొదటిదానిని మనసారా చదివినవారు దానిని వారంతట వారే వెదకికొందురు.

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో తొలిసారి వచ్చి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొట్టమొదటి పురస్కారమును పొందినది. రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు చరిత్రయని చదువుకొన్న తరమునకు, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ దేవరకు మ్రొక్కిరి అన్నదే చరిత్రయని చూపిన గ్రంథమిది. అందులకు ప్రతాపరెడ్డిగారు శాసనములతో సరిపెట్టుకొనలేదు. పాల్కురికి సోమనాథుని, ‘క్రీడాభిరామము’ను, కదిరీపతి ‘శుకసప్తతి’ని, అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ని సాక్షులనుగా పిలిచి నిలువబెట్టినారు. పండితులు శృంగారకావ్యములని పక్కన పెట్టినవానిలో ఆయన చెప్పుల రకములు, పిండివంటలు, పిల్లల యాటలు ఏరుకొన్నారు. చూడుడు, ఇప్పుడు మనము నవలనుండి చరిత్రకు, చరిత్రనుండి కావ్యమునకు తెలియకుండగనే చేరితిమి. ‘హంసవింశతి’ చదువుమని ఆ రైతుకు నేను ముందే చెప్పియున్నచో ఆయన నాకొక దండము పెట్టి వెళ్లిపోయెడివాడు.

పుస్తకము మరుసటి పంట తరువాత తిరిగివచ్చినది. ఆటల పేర్లున్న పుటలమీద పసుపు వేలిముద్రలు పడియున్నవి. ఆర్మూరు వైపు చుట్టముల కల్లములో పసుపు ఉడుకబెట్టు రోజులలో అక్కడ కూడ చదివించుకొన్నాడట. గ్రంథాలయాధికారులు వినకుందురు గాక, ఆ మరకలను నేను తుడువలేదు.

4

ఇక రెండవ చదువరి. ఈమె మా కళాశాలలో చదివిన విద్యార్థిని. తాతలు నిజాంసాగరు నీరు వచ్చిన తరువాత కృష్ణా తీరమునుండి వచ్చి ఇచ్చట క్యాంపు, అనగా వలస వచ్చినవారి పల్లె, కట్టుకొన్నవారు. ఆ ప్రాజెక్టు మంజీర మీద 1923లో మొదలై 1931లో ముగిసినదనియు, ఆ నీటివలననే ఈ సీమ చెరకు సీమయై, 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినదనియు మీకు చెప్పనక్కరలేదు. ఆ యమ్మాయి అడిగినది: ‘మాస్టారూ, మా ఇంట్లో ఒక తెలుగు, బజారులో ఒక తెలుగు. ఏది సరైనది?’

ఈ ప్రశ్నకు వ్యాకరణము ఇచ్చువారు కలరు. నేను పాకాల యశోదారెడ్డిగారి ‘మా ఊరి ముచ్చట్లు’ ఇచ్చి, పైకి చదువుమంటిని. కంటితో చదువరాదు, నోటితో చదువవలెను. ఆ కథలలో పాలమూరు పల్లెటూరి స్త్రీల పలుకుబడి, వారి దెప్పిపొడుపులు, వారి దయ, ఊపిరి తీయుచోటు కూడ మాటలలోనే యున్నది. ఆ తరువాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఇచ్చితిని. గోదావరి తీరపు ఇంటి తెలుగు అంత నిండుగా నున్న ఆత్మకథ మరియొకటి నేనెరుగను. ఈ రెండింటిని వెంటవెంట చదివినవారు ‘ఏది సరైనది’ అని మరల అడుగరు. ఆమెయును అడుగలేదు.

కాని ఆమె మరియొకటి అడిగినది. పూర్వము మనుష్యులు ఈ దూరములను ఎట్లు నడచిరని. దానికి జవాబుగా నేనిచ్చినది తెలుగు యాత్రాసాహిత్యమునకు ఆదియనదగిన ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఈ పుస్తకము నాకు ప్రాణము, గనుక నాలుగు మాటలు అధికముగా చెప్పుదును. గడియారము చూచుకొనుచున్న మిత్రులు మన్నింపవలెను.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పరివారముతో బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరినారు. దారి పొడుగున తాను చూచినదెల్ల వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి పంపగా, ఆయన దానిని 1838లో అచ్చువేయించినారు. హైదరాబాదు విడిచి నిర్మల మీదుగా నాగపూరు చేరుటకు వారు గోదావరి దాటవలసి వచ్చినది. అనగా మనమీ వేళ బస్సులో కునుకు తీయుచు పోవు ఈ నేలనే వారు పల్లకీబోయీలతో మజిలీ మజిలీగా దాటినారు. ఆయన పుణ్యక్షేత్రముల మహిమలు మాత్రమే వ్రాసియుండినచో ఆ పుస్తకము ఏనాడో మరుగుపడెడిది. ఏ యూరిలో మంచినీరు దొరకును, ఏ యూరిలో బియ్యము దొరకును, ఎక్కడ దిగుటకు వసతి కలదు, దారి రాతిదా రేగడిదా, సుంకము పేర ఎవరు ఎంత లాగుకొందురు, ఈ సంగతులను లెక్కలు వ్రాయు గుమాస్తా జాగ్రత్తతో వ్రాసినారు. ఆచారవంతుడైన ఆ గృహస్థు ఒక పుటలో స్నానసంకల్పమును గూర్చియు, తరువాతి పుటలో కుంఫిణీ పాలన మంచిచెడ్డలను గూర్చియు నిష్పక్షపాతముగా వ్రాయుట చూచినప్పుడు, కన్నులు తెరచికొని నడచువానికి ఏ కాలమైనను చాలునని తోచును. నా మాట విని ఒక్క పుస్తకమే చదువదలచినవారు దీనిని చదువుడు. గోదావరికి ఈవలనున్న మజిలీల పేర్లు వెదకి, మీ తాతల యూరు తగులునేమో చూచుకొనుడు.

5

మన సీమలో ఒక్క భాష మాత్రమే చదివి ఊరకుండుట అన్యాయము. బోధను బజారులో పది నిమిషములు నిలుచున్నచో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును చెవినబడును. ఇది నేటి సంగతి కాదు. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని మన బోధనేయని చరిత్రకారులు చెప్పుదురు. ఆ వంశపు రెండవ అరికేసరి యాస్థానమున పదవ శతాబ్దిలో పంపకవి కన్నడమున ‘విక్రమార్జున విజయము’ రచించినాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు మన పొరుగు కరీంనగరు సీమలోని కుర్క్యాల గుట్టమీద వేయించిన శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు కందపద్యములు ఒకే రాతిమీద నున్నవి. పొరుగు భాష మనకు పరాయిదన్నవారిని ఆ గుట్టకు తీసికొనిపోవలెను.

అందుచేత కవిత్వము కోరు యువకునికి నేను దాశరథి ‘అగ్నిధార’తోపాటు ఆయనయే తెనిగించిన ‘గాలిబ్ గీతాలు’ ఇత్తును. నిజాముపై నిప్పులు చెరిగిన కవియే ఉర్దూ గజలును అంత ప్రేమతో తెలుగులోనికి తెచ్చినాడన్నది ఆ యువకుడు తనంతట తాను గ్రహింపవలసిన సంగతి. మందుముల నరసింగరావుగారును అంతే. ఉర్దూలో ‘రయ్యత్’ పత్రికను నడపిన ఆయనయే తెలుగులో ‘50 సంవత్సరాల హైదరాబాదు’ వ్రాసినారు. భాషమీద కోపము వేరు, దొరతనము మీద కోపము వేరని ఆ తరమువారికి తెలిసినంత స్పష్టముగా మనకు తెలియదేమోయని నా యనుమానము. సంగీతమన్న చెవి కోసికొనువారికి సామల సదాశివగారి ‘స్వరలయలు’. ఆదిలాబాదున కూర్చుండి హిందూస్థానీ విద్వాంసులను గూర్చి ఆయన ఇంటిమనుష్యుల ముచ్చటలవలె చెప్పినారు. రాగము తెలియనివారికి కూడ మనుష్యులు తెలియుదురు.

విజ్ఞానశాస్త్రమును గూర్చి త్వరగా చెప్పి ముగింతును, అది నా రంగము కాదు. నండూరి రామమోహనరావుగారి ‘నరావతారము’ మనిషి పుట్టుకను, ‘విశ్వరూపము’ ఆకాశమును తేట తెలుగున చెప్పును. లెక్కలకు భయపడు పిల్లలకు మొదట ‘విశ్వరూపము’ ఇచ్చి చూడుడు.

కొందరు మిత్రులు నన్నడుగుదురు: ‘మాలపల్లి’ చెప్పలేదేమి, ‘వేయిపడగలు’ చెప్పలేదేమి, చలమును విడిచితివేమి యని. రాయవేలూరు చెరసాలలో ఉన్నవ లక్ష్మీనారాయణగారు వ్రాసిన ‘మాలపల్లి’ని ఆళ్వారుస్వామిగారి పేర జరుగు సభలో నేను మరువగలనా? అయినను ఇచ్చట అన్నింటిని పేర్కొన్నచో నేను మొదట తిట్టిన పట్టికనే మరల వ్రాసినవాడనగుదును. అడుగువాని ప్రశ్న అటు తిరిగినప్పుడు అవియును చేతికి వచ్చును.

6

నిర్వాహకులు కోరిన నాలుగు పుస్తకములకు మించియే చెప్పితిని. ఇక మీరు చేయవలసిన పని యొకటున్నది.

బోధను ఫ్యాక్టరీలో 2015 డిసెంబరున ఉత్పత్తి నిలిచిపోయినది. దానితోపాటు శక్కర్‌నగర్ క్వార్టర్ల సాయంకాలపు సందడి తగ్గి, చేతికి పుస్తకమందించు పెద్దలు చెదరిపోయినారు. ఫ్యాక్టరీని తెరపించు శక్తి నాకుగాని, ఈ సభకుగాని లేదు. కాని మీరందరు ఇంటిపన్ను కట్టుచున్నారు గదా. 1960 నాటి గ్రంథాలయముల చట్టము ననుసరించి ఆ పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్నును మీరు ఇదివరకే చెల్లించుచున్నారు. అనగా జిల్లా గ్రంథాలయమునందలి ప్రతి పుస్తకమునందును మీకు వాటా కలదు. రేపే వెళ్లి సభ్యులు కండి. అచ్చట కావలసిన పుస్తకమును గూర్చి వ్రాతమూలముగా అడుగుడు. ‘మంచి పుస్తకములు తెప్పింపుడు’ అని వ్రాయక, పుస్తకము పేరు, రచయిత పేరు, ఎవరి కొరకు కావలెనో కూడ వ్రాయుడు. నేను ‘కాశీయాత్ర చరిత్ర’ మరి రెండు ప్రతులు కావలెనని వ్రాయదలచినాను.

ఈ స్మారకోపన్యాసపు ధర్మనిధిని నెలకొల్పిన దాతలకు ఒక మనవి. వచ్చే యేడు ఉపన్యాసకునికి కప్పు శాలువకును, పూలదండలకును అగు వ్యయముతో ‘ప్రజల మనిషి’ ప్రతులు కొని, బోధను డివిజనులోని ఉన్నత పాఠశాలలకు ఒక్కొక్కటి పంపింపుడు. ఈ యేటి శాలువను నేను ఇప్పుడే అధ్యక్షులవారికి తిరిగి ఇచ్చుచున్నాను. దాని వెలకు వచ్చు ప్రతులను నా పేర గాక ఆళ్వారుస్వామిగారి పేర పంపవలెనని ప్రార్థన.